తీర్మానం అయ్యేదాకా వెల్డింగ్ లేదు

ట్యాంకు లోపల తుప్పు వదలగొట్టడానికి గన్నుతో ఇసుక చిమ్ముతున్న ఒచోవా దాన్ని ఆపేసి, రేడియోలో ఒక్క మాటే అన్నాడు: "రెనే, నువ్వే పైకి రావాలి."

రెనే పనివాళ్లలో ఒచోవా మాటల మనిషి కాదు. అంతమాత్రాన ఊరికే ఒకరిని నిచ్చెనెక్కించే రకమూ కాదు. రెనే వోండ్రా నడుముకు తాడు బిగించుకుని, పరదాలు కట్టిన ట్యాంకు కాలి పక్కనుంచి ఎక్కింది. పైమూతలోంచి లోపలికి దిగేసరికి అతను అడుగున మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పాత రంగూ తుప్పూ ఊడిపోయిన చోట ఇనుప రేకులోంచి సన్నటి వెలుతురు వస్తోంది. దాని పక్కన ఇంకో చోట కూడా. రెనే సుత్తి పిడితో మెల్లగా తట్టింది. అరచేయంత ముక్క అప్పడంలా విరిగి కింద పరదాలో పడింది.

"ఇన్నాళ్లూ రంగే పట్టి ఆపింది దీన్ని," అన్నాడు ఒచోవా.

"ఎంత మేర?"

"పైపు కలిసే చోట చుట్టూతా. కోసి కొత్త రేకు అతకాలి. దీని మీద తొలిపూత ప్రైమరు కొట్టమంటే మాత్రం కొట్టింది నేనని ఎవరికీ చెప్పకు."

రెనే మనసులో లెక్క వేసుకుంది. బ్రెజ్నో ఊరి వాటర్ ట్యాంకు గీకి రంగు వేసే కాంట్రాక్టు ఆమెది. రేకు మార్చడం అందులో ఎక్కడా లేదు. ఆ వెల్డింగుకు ఒక కొత్త పికప్ బండి ఖరీదంత అవుతుంది. పైగా అక్టోబరు ముగింపుకొస్తోంది. నెబ్రాస్కాలో గడ్డకట్టే చలి మొదలైతే రంగు ఇనుముకు అంటుకోదు, వచ్చే వసంతం దాకా ఊరు తాత్కాలిక పంపుల మీద నీళ్లు తాగాల్సిందే.

ఈ కాంట్రాక్టు ఆమెకు ఊరికే రాలేదు. సర్కారు టెండర్ల వెంట ఏళ్ల తరబడి తిరిగింది. ఒకసారి మధ్యలో వచ్చిన సవరణ కాగితం జతచేయలేదని కవరు పక్కన పడేశారు. ఇంకోసారి పని చోటు చూపించే రోజున రోడ్డు మీద బండి పంక్చరై ఆలస్యంగా వెళితే, తలుపు వేసేశామమ్మా అన్నారు. ఓడిన ప్రతిసారీ గెలిచినవాడి కాగితాలు అడిగి తెచ్చుకునేది. అవి ఎవరు అడిగినా ఇవ్వాల్సిందే కదా. వాడు ఏం రాశాడో, ఎక్కడ తగ్గించాడో చదివి చదివి నేర్చుకుంది. చివరికి బ్రెజ్నో ఊరి హాల్లో కవర్లు విప్పి ధరలు పైకి చదివిన రోజున అన్నిటికంటే తక్కువ ఆమెదే అయింది. పని మధ్యలో వదిలేస్తే ఊరికి నష్టం తామే కడతామని ఒక పూచీ కంపెనీ ఆమె తరపున సంతకం పెట్టింది. ఆ కంపెనీ ముందు ఒక్కసారి మాట పడిందా, ఇక ఈ రాష్ట్రంలో సర్కారు పని ఆమెకు కలలోకి కూడా రాదు. సొంత డబ్బుతో వెల్డింగు చేయించి ఊరు ఇవ్వనంటే తన కంపెనీకి తాళమే. చిల్లి మీద రంగేసి చేతులు దులుపుకోవడం ఆమె వల్ల కాదు.

కిందికి దిగి మేయరుకు ఫోను చేసింది. లీలండ్ సికోరా వచ్చి, విరిగిన ముక్కను చేతిలో తిప్పి చూశాడు. డెబ్బై దాటినా నిటారుగా ఉండే మనిషి, ఎర్రటి మొహం, విత్తనాల కంపెనీ టోపీ.

"అయ్యో, ఇదేం ఖర్మ. సరేలే రెనే, కానిచ్చెయ్యి. మేం చూసుకుంటాం."

ఆ మాట విని రెనేకు ఒళ్లు మండిపోయింది. మేం చూసుకుంటాం. సరిగ్గా అదే మాట.

"సంతోషం లీలండ్ గారూ. కౌన్సిల్లో తీర్మానం చేసి, సంతకం పెట్టిన కాగితం ఇవ్వండి. ఆ గంటలోనే వెల్డరును పిలుస్తాను."

ఆయన నవ్వాడు. "నేను చెబుతున్నాగా తల్లీ! నువ్వు చెడ్డీలేసుకున్నప్పటి నుంచి ఎరుగుదును నిన్ను."

"నేనూ మిమ్మల్ని అప్పటి నుంచే ఎరుగుదును," అంది రెనే.

ఆయన నవ్వు ఆగింది. టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మెయిన్ వీధి కాఫీ కొట్టుకు రమ్మని లీలండ్ నుంచి కబురొచ్చింది. బ్రెజ్నోలో ఊరి సంగతులన్నీ తేలేది అక్కడే. తోలు కప్పులో పాచికలు గిలకరించి దొర్లిస్తారు, ఓడినవాడు అందరి కాఫీకీ ఇచ్చుకుంటాడు. కౌన్సిల్లో మేయరు కాక నలుగురు సభ్యులు. వాళ్లలో ముగ్గురు ఒక బల్ల దగ్గర కూడితే అది మీటింగు కిందే లెక్క. నోటీసు లేని మీటింగుకు చట్టం ఒప్పుకోదు. అందుకని ఇద్దరు కూర్చుని ఉండగా మూడో సభ్యుడు వచ్చాడంటే, దూరం నుంచే టోపీ తాకి పలకరించి, తట్టు పోసినవాడిలా కిటికీ పక్క బల్లకు వెళ్లి ఒంటరిగా కూర్చుంటాడు. అక్కణ్నుంచి గొంతు చించుకుని అందరితో మాట్లాడతాడు. అది మీటింగు కాదట!

ఆ రోజు కిటికీ పక్కన పడ్డవాడు డ్వేన్ హాబా. ఎరువుల దుకాణం ఆయనది. వచ్చే ఎన్నికల్లో లీలండ్ మీద మేయరు పదవికి నిలబడ్డది కూడా ఆయనే. పెద్ద బల్ల దగ్గర లీలండ్, ఇద్దరు సభ్యులు, వాళ్ల మధ్య పాచికల కప్పు పట్టుకుని రెనే తండ్రి ఎమిల్ వోండ్రా.

లీలండ్ లేచి, కాఫీ వంచుతూ తిరిగినట్టు ఆ చిల్లి సంగతి ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు మోశాడు. పెద్ద బల్ల దగ్గర ఇద్దరూ ఊఁ అన్నారు. డ్వేన్ నోటినిండా ప్లమ్ గుజ్జు నింపిన కొలాచి బన్ను పెట్టుకుని తల ఊపాడు.

"చూశావా? ముగ్గురు ఒప్పుకున్నారు," అన్నాడు లీలండ్. "ఇంక వెల్డరును పిలు."

"ఇది మీటింగేనా లీలండ్ గారూ?"

కొట్టు కొట్టంతా గొల్లుమంది. "కాదు కాదు!" అని డ్వేన్ కిటికీ దగ్గర్నుంచి అరిచాడు.

"కాకపోతే వాళ్లు ఒప్పుకోనూ లేదు," అంది రెనే. "తీర్మానం అయ్యేదాకా వెల్డింగ్ లేదు."

"ఎమిల్, నీ కూతురు వకీలు చదువు ఎప్పుడు చదివిందోయ్?" అని ఒకాయన ఎకసెక్కెమాడాడు. ఎమిల్ మొహం కందగడ్డలా అయింది. పాచికలు కప్పులో వేసి, బోర్లించి, ఆట వదిలేసి లేచాడు.

పికప్పులో కూర్చున్నాక ఆయన తలుపు దఢాలున వేశాడు.

"ఊరందరి ముందు లీలండ్ మాట చెల్లదన్నావు. నాకు తల ఎత్తుకునే వీలు లేకుండా చేశావు."

"తీర్మానం అడిగాను నాన్నా. ఆయన్ని అబద్ధాలకోరు అనలేదు."

"అదీ ఇదీ ఒకటే ఇక్కడ! నా పెళ్లికి పక్కన నిలబడ్డ మనిషి వాడు. చేతిలో చెయ్యి వేశాక కాగితం ఎందుకే?"

"ఎందుకో మన బ్యాక్‌హోను అడుగు."

ఆ పసుపుపచ్చ తవ్వుడు యంత్రం వాళ్లింటి ముందు నుంచి ట్రెయిలరెక్కి వెళ్లిపోయినప్పుడు రెనే ఇంకా హైస్కూల్లో చదువుతోంది. అప్పట్లో ఎమిల్ ఈ ఊరికే మురుగు పైపులు వేసేవాడు. చర్చి వీధిలో తవ్వితే పాత పైపు మొత్తం పుచ్చిపోయి కనిపించింది. అప్పటికి కౌన్సిల్ సభ్యుడైన లీలండ్ గట్టు మీద నిలబడి, వీధి చివరిదాకా మార్చెయ్ ఎమిల్, మేం చూసుకుంటాం అన్నాడు. ఎమిల్ మార్చేశాడు. బిల్లు వెళ్లాక కౌన్సిల్, తీర్మానం లేదు గనక డబ్బు లేదంది. ఆ మీటింగులో లీలండ్ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు, పెదవి విప్పలేదు. ఎమిల్ యంత్రాలన్నీ అమ్మేసి, పరాయివాళ్ల దగ్గర కూలికి కుదిరాడు. కుదిరి కూడా రోజూ పొద్దున అదే కాఫీ కొట్టులో అదే లీలండ్‌తో పాచికలు దొర్లించాడు, ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. రెనేకు మింగుడుపడనిది అదే. లీలండ్ మీద ఆమెకున్నది ఉత్త కోపం కాదు, అసహ్యం.

"నలుగురిలో వాడొక్కడు ఏం చేస్తాడు," అన్నాడు ఎమిల్, కిటికీ బయటికి చూస్తూ. వేలసార్లు అన్న మాటే అది.

రెనే బండి స్టార్ట్ చేసింది.

ఒచోవాకు చెప్పి, గీకిన మిగతా ఇనుమంతటికీ ఆ పూటే ప్రైమరు కొట్టించింది, గాలికి మళ్లీ తుప్పు పట్టకుండా. పైపు చుట్టూ మాత్రం వదిలేసి పని ఆపింది. ఎందుకు ఆపిందో ఊరికి రాతపూర్వకంగా తెలియజేసింది, ఫోటోలతో సహా. తర్వాత సిటీ క్లర్కు ట్వైలా గది తలుపు తట్టింది. మేయర్లు వస్తుంటారు పోతుంటారు, ఊరి కాగితాలకు కాపలా మాత్రం ట్వైలాదే. కాఫీ కొట్టులోకి ఆమె అడుగుపెడితే సభ్యులు వాళ్లంతట వాళ్లే బల్లలు మారతారు.

"ప్రత్యేక మీటింగు పెట్టొచ్చు," అంది ట్వైలా కళ్లజోడు మీంచి చూస్తూ. "నోటీసు రాసి పోస్టాఫీసు తలుపుకూ, కిరాణా కొట్టుకూ, ఇక్కడా అంటిస్తాను. ఎల్లుండి సాయంత్రం. కానీ కోతల కాలమమ్మాయ్. ఎవడొస్తాడు? మన నాలుగో సభ్యుడు, ఆ వెర్లిన్ పెషెక్ అసలే రాడు. కాఫీ కొట్టులో తల ఊపినవాళ్లంతా ఇక్కడ ఓటు వెయ్యరు. ఆయన రాకపోతే తీర్మానానికి మూడు ఓట్లు ఎక్కడివి?"

"వస్తే నాకే వేస్తాడని ఏముంది?"

"ఏమీ లేదు. కానీ వెర్లిన్‌కు ట్యాంకంటే ఏమిటో తెలుసు. అగ్నిమాపక దళంలో ఉన్నాడు కదా."

రెనే నేరుగా పెషెక్ చేలోకి వెళ్లింది. మొక్కజొన్న కోస్తున్న కంబైన్ దుమ్ము లేపుకుంటూ సాలు చివరికొచ్చేదాకా గట్టు మీద నిలబడింది. వెర్లిన్ యంత్రం ఆపకుండానే, ఎక్కు అన్నట్టు చేయి ఊపాడు. ఆమె పరుగెత్తి మెట్టు పట్టుకుని పైకెక్కి, ఆయన పక్కనున్న బుల్లి సీట్లో ఇరుక్కుంది.

"ఓటడగడానికొచ్చావా?"

"లేదు. మీటింగుకు రమ్మనడానికి వచ్చాను. వచ్చి కాదనండి, మీ ఇష్టం. రాకుండా మాత్రం ఉండకండి."

"వాన రాకముందు ఈ మొక్కజొన్న కోయాలి నేను."

"చలి ముదరకముందు రంగు వెయ్యాలి నేను."

వెర్లిన్ ముక్కుతో నవ్వాడు. "మీ నాన్నను ఆ పూట పంపు, నా గింజల లారీ తోలిపెడతాడు. అప్పుడొస్తా."

"దాన్ని లంచమంటారు వెర్లిన్ గారూ. అప్పుడు మీ ఓటూ పోతుంది, నా కాంట్రాక్టూ పోతుంది."

"అమ్మో! నీతో హాస్యం కూడా నోటీసు అంటించి ఆడాలన్నమాట." ఆయన మలుపు తిప్పి, ఇంకో సాలు పట్టించాడు. రెనే దిగలేదు. చివరికి ఆయనే అన్నాడు, "ఎన్నింటికి?"

మీటింగు సాయంత్రం కిక్కిరిసిపోయింది. మామూలుగా ఖాళీగా ఉండే మడత కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకున్నారు. ఎన్నికలు ఇంకో వారంలో ఉన్నాయి, అదనపు ఖర్చు అనగానే జనానికి చెవులు నిక్కుతాయి. ఎమిల్ వెనక వరసలో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున ఇంట్లో రానన్న మనిషి ఎలా వచ్చాడో రెనే అడగలేదు. వెర్లిన్ అందరికంటే ఆఖరున, భుజాల మీద మొక్కజొన్న పొట్టుతో వచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు.

రెనే తుప్పు పట్టిన ముక్కను బల్ల మీద పెట్టింది.

"ఈ ట్యాంకు అడుగు ఇలా ఉంది. గీకేదాకా ఇది మీకూ తెలియదు, నాకూ తెలియదు. అతకడానికి ఎంతవుతుందో మీ ముందున్న కాగితంలో రాశాను. వెల్డరు తీసుకునేది ఎంతో, నాకు మిగిలేది ఎంతో విడివిడిగా ఉంది. మీరు సరేనంటే రేపే మొదలుపెడతాను. కాదంటే ముట్టుకోను. చిల్లి మీద రంగు మాత్రం వెయ్యను, ఎవరు చెప్పినా సరే."

డ్వేన్ హాబా గొంతు సవరించుకున్నాడు. "చవగ్గా కోట్ చేసి పని పట్టుకోవడం, మధ్యలో చిల్లి కనపడిందనడం. ఈ కాంట్రాక్టర్ల విద్య మనకు కొత్త కాదు."

జనంలో గుసగుసలు లేచాయి. రెనే చెవులు వేడెక్కాయి. అయినా గొంతు పెంచలేదు.

"మొన్న కాఫీ కొట్టులో మీరు సరేనన్నారు డ్వేన్ గారూ."

"నేనా? నేను తల ఊపింది కొలాచి బావుందని!"

హాలంతా నవ్వింది. రెనే వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. ఎమిల్ నవ్వడం లేదు. వెల్డరును ఆ రోజే పిలిచి ఉంటే ఏమయ్యేదో ఆయన మొహంలోనే రాసి ఉంది.

ట్వైలా పేర్లు పిలవడం మొదలెట్టింది. డ్వేన్ వద్దన్నాడు. ఆయన పక్కనున్న సభ్యుడు, మొన్న పెద్ద బల్ల దగ్గర ఊఁ అన్నవాడే, జనం వైపు ఒకసారి చూసి నీళ్లు నమిలి తనూ వద్దన్నాడు. మొన్న అదే బల్ల దగ్గర ఊఁ అన్న కొరీన్, బ్యాంకు ఉద్యోగి, కావాలంది. వెర్లిన్, "ఊళ్లో నిప్పంటుకుంటే డ్వేన్ ఎరువులు చల్లుతాడా? కావాలి," అన్నాడు.

"రెండు, రెండు," అంది ట్వైలా. "మేయరు గారు ఓటు వెయ్యొచ్చు. వెయ్యకపోతే తీర్మానం వీగిపోతుంది."

లీలండ్ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ చూపు రెనేకు తెలుసు. తండ్రి ఇంటికొచ్చి అమ్మకు చెబుతుంటే గోడ అవతల్నుంచి విన్న చూపు అది. అయిపోయింది అనుకుంది. రేపు పూచీ కంపెనీకి ఏం చెప్పాలా అని మనసులో మాటలు కూర్చుకోవడం కూడా మొదలుపెట్టింది.

"మేయరు గారూ," అంది ట్వైలా మళ్లీ. "మీ మాట పైకి చెప్పాలి. నేను రాసుకోవాలి."

లీలండ్ తలెత్తాడు. రెనేను చూడలేదు. వెనక వరసలోకి, ఎమిల్ వైపుకు చూశాడు. జనంలో ఎవరో "మా పన్నుల డబ్బు లీలండ్!" అని అరిచారు. ఆయన అటు తిరగనే లేదు.

"కావాలి," అన్నాడు. మళ్లీ గట్టిగా, "నా ఓటు కావాలి అని. రాసుకో ట్వైలా."

ట్వైలా రాసుకుంది. మీటింగు ముగిసిందని ప్రకటించేదాకా రెనే బల్ల అంచు పట్టుకునే నిలబడింది.

బయట మెట్ల మీద లీలండ్ ఎమిల్ పక్కగా నడుస్తూ ఆగాడు. "రేపు పాచికలు నీ చేతితోనే మొదలు," అన్నాడు. ఎమిల్ సరేనన్నట్టు టోపీ తాకాడు.

పికప్పులో ఎమిల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రెనే తాళం తిప్పబోయింది.

"ఆ రోజు నేను అడగలేదే అమ్మాయ్," అన్నాడు ఉన్నట్టుండి.

"ఏ రోజు?"

"చర్చి వీధి రోజు. బిల్లు పంపి ఊరుకున్నాను. మీటింగుకు వెళ్లాను గానీ, ఇదే ఆఖరి వరసలో కూర్చున్నాను. లేచి, లీలండ్, నువ్వు చెప్పావా లేదా అని అడగలేదు. స్నేహితుణ్ణి అలా అడిగితే అవమానించినట్టు అనుకున్నాను. వాడు బల్ల వైపు చూస్తున్నాడు, నేను నా టోపీ వైపు చూస్తున్నాను." ఆయన ఒళ్లోని టోపీని అటూ ఇటూ తిప్పాడు. "ఎవరో ఒకరు వాణ్ణి పేరు పెట్టి పిలిచి అడిగి ఉంటే చెప్పేవాడే. నేనే అడగలేదు."

చెప్పేవాడో లేదో రెనేకు తెలియదు. ఇన్నేళ్ల అసహ్యం ఒక్క ఓటుకు కరిగిపోదు కూడా. కానీ తండ్రి చేయి తన చేతిలోకి తీసుకుంది. ఆయన ముక్కు ఎగబీల్చి, మాట మార్చాడు.

"వెల్డరు పొద్దున్నే వస్తాడా?"

"సంతకం పెట్టిన కాగితం నా చేతికొచ్చాక పిలుస్తాను."

ఎమిల్ ఆమె వంక చూశాడు. రెనే, మళ్లీ తగువుకు దిగుతాడేమో అనుకుంది. ఆయన టోపీ తలకు పెట్టుకుని, పోదాం పద అన్నట్టు రోడ్డు వైపు చూపించాడు.

మర్నాడు పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. రెనే ఊరి హాలుకు వచ్చేసరికి తలుపు ఇంకా తెరవలేదు. అవతల కాఫీ కొట్టు అద్దంలోంచి లీలండ్, పెద్ద బల్ల, బోర్లించిన పాచికల కప్పు, దాని ముందు ఎమిల్ ఖాళీ కుర్చీ కనిపిస్తున్నాయి. ఎమిల్ మాత్రం ఇటు, హాలు మెట్ల మీద, చెవుల దాకా టోపీ లాక్కుని నిలబడి ఉన్నాడు. తాళంచెవులు గలగలలాడించుకుంటూ వచ్చిన ట్వైలా ఆయన్ను చూసి ఆగిపోయింది.

"ఏం ఎమిల్, ఇంత పొద్దున్నే? ఏం కావాలి?"

"మా కాగితం," అన్నాడు ఎమిల్.